తపాలాబిళ్ళంత ముఖం

రూసే,
సెప్టెంబర్ 14

చెల్లి జోర్నిత్సాకి,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా అరుచుకుంటున్నాం కాబట్టి ఉత్తరాలే రాసుకుందామని నువ్వన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు ఇదే బాగుందనిపిస్తోంది. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డం రాలేవు.

"ఆవలి రేవు" ముఖచిత్రం అట్టగొట్టంలో చుట్టి పంపుతున్నాను. అయిదేళ్ళుగా మన ఈ కంప్యూటర్ ఆట లోపలి బొమ్మలన్నీ నేనే గీశాను. నది, పొగమంచు, రెల్లుగడ్డి, పడవ నడిపే దోనా, ఆవిడ పడవెక్కి ఒకడు నిజం, ఒకడు అబద్ధం చెప్పే పదకొండు మంది. లెక్కలు నీవి, గీతలు నావి. ఇప్పుడు వాటన్నిటికీ కలిపి ఒక్క బొమ్మ అంటే మాటలా? వేసవి సెలవులు మొత్తం దానికే పెట్టాను. పదకొండు మందీ ఉన్నారు, లెక్కపెట్టుకో. దొంగసాక్ష్యం చెప్పే దర్జీ చేతిలో కత్తెర కూడా ఉంది. రెల్లులో ఒక కొంగ దాక్కుంది. కనిపెట్టావంటే నీకో బనిత్సా రొట్టె కాల్చి పంపుతాను.

పక్కింటివాళ్ళు బాల్కనీలో మిరపకాయలు కాలుస్తున్నారు. బొమ్మకి ఆ వాసన పట్టి ఉంటుంది, ఏమనుకోకు. రేపు బడి తెరుస్తారు. మళ్ళీ ఒక కొత్త గుంపుకి పెన్సిలు పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పాలి.

చూసి వెంటనే రాయి. బాగుందని రాయి.

అక్క,
రుమ్యానా


ప్లోవ్‌దివ్,
అక్టోబర్ 2

అక్కా,

కొంగ దొరికింది. బనిత్సాలో జున్ను బాగా వెయ్యి.

బొమ్మని కిటికీ ఎదురుగా గోడకి తగిలించాను. చూస్తూ కూర్చుంటే కాఫీ చల్లారిపోయింది. ఇది నిజం. ఇక రెండో నిజం కూడా వినాలి నువ్వు.

ఈ బొమ్మని జనం గోడ మీద చూడరు. ఆటలమ్మే వెబ్ దుకాణంలో, ఫోన్లో, నలభై ఆటల వరసలో, తపాలాబిళ్ళంత చేసి చూస్తారు. అదీ రెండు సెకన్లు. వేలు ఆగితే ఆగినట్టు, లేకపోతే ఇంకో ఆట దగ్గరికి జరిగిపోతుంది. నీ బొమ్మని ఆ కొలతకి కుదించి, ఇంకో ముప్ఫైతొమ్మిది ఆటల బొమ్మల మధ్య అంటించి, నేను ఉద్యోగం మానేసిన బ్యాంకుకే పట్టుకెళ్ళాను. పాత స్నేహితులకి ఒక్కొక్కళ్ళకీ రెండు సెకన్లు చూపించి మూసేసి, "ఏం కనపడింది?" అని అడిగాను.

"సంతలో తొక్కిసలాట" అంది ఒకావిడ. "యుద్ధం ఆటా?" అన్నాడు ఇంకొకడు. మా పాత మేనేజరు కళ్ళజోడు సర్దుకుని, "పేగుల చారు. పైన కారం చల్లారు" అన్నాడు.

ఆట పేరు ఒక్కళ్ళూ చదవలేకపోయారు. దోనా ఒక్కళ్ళకీ కనపడలేదు. ఆ కుదించిన ముక్క ఇందులో పెడుతున్నాను. చెయ్యి బారచాపి పట్టుకుని చూడు.

ఫిబ్రవరిలో ఆటల జాతర ఉంది. రాబోయే ఆటల్ని వారం రోజులపాటు జనానికి ఊరికే రుచి చూపిస్తారు. ఒక ఆటకి ఒక్కసారే ఆ అవకాశం. అందుకని ముఖచిత్రాలే వృత్తిగా గీసే ఒకళ్ళతో మాట్లాడాను. ఒప్పుకున్నారు. నిన్ను ముందే అడగాల్సింది. అడిగితే ఒప్పుకోవని అడగలేదు.

జోరీ


రూసే,
అక్టోబర్ 9

గౌరవనీయులైన నిర్మాత గారికి,

పేగుల చారు అందింది. చెయ్యి చాపి చూశాను. నా కొంగ నాకే కనపడలేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ ఇల్లంతా కట్టినవాడికి గుమ్మం పెట్టడం రాదా? "అక్కా, ఇంత చిన్నగా చూస్తారుట, ఒక్క మనిషినే పెట్టి మళ్ళీ గీయవే" అంటే నేను గీయనా? పరాయి చెయ్యి దేనికి? ఆ చెయ్యి దోనా ముఖాన్ని ఎన్నిసార్లు గీసింది? నేను రెండువేల సార్లు గీశాను. ఆవిడ ఎడమ కనుబొమ మీద గాటు ఎలా పడిందో ఆ మనిషికి తెలుసా? నీకైనా గుర్తుందా?

ఇంతకీ ఎవరు? ఆడా, మగా? ఎక్కడ నేర్చుకున్నారు? నువ్వు వాళ్ళని ఎలా పట్టుకున్నావు?

ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. నాకేం కుళ్ళు లేదు. నలభై అయిదేళ్ళు వచ్చాయి, బళ్ళో పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకెందుకు కుళ్ళు?

బనిత్సా రద్దు.

రుమ్యానా


ప్లోవ్‌దివ్,
డిసెంబర్ 8

అక్కా,

రెండు నెలలు నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. మొన్న నికోలా పండక్కి కార్పు చేప వండాను. మాడిపోయింది. నువ్వుంటే తిట్టేదానివి.

ఎవరో చెప్పను. చెప్తే నువ్వు బొమ్మని చూడవు, మనిషిని చూస్తావు.

రెండు చిత్తులు వచ్చాయి. రెండూ దుకాణంలో కనపడే కొలతకే కుదించి పంపుతున్నాను. మొదటిదాంట్లో దోనా ఒక్కతే. ముఖం సగం మంచులో ఉంది. అరచెయ్యి చాపి సరిగ్గా మనకేసే చూస్తోంది. పడవ కూలి అడుగుతోందో, చెయ్యిచ్చి ఎక్కించుకుంటోందో తెలియదు. వెనకాల ఒక్క నీటిగీత తప్ప ఇంకేమీ లేదు. రెండోదాంట్లో సూర్యాస్తమయం, దూరంగా పడవ, అందులో నల్లగా మనుషులు.

గీసినవాళ్ళు మొదటిదే పెట్టమంటున్నారు. నాకు తేలడం లేదు. నాకు అంకెలు చదవడం వచ్చుగానీ బొమ్మలు చదవడం రాదు. మనింట్లో అందరూ చిన్నప్పట్నుంచీ అనే మాటే కదా. ఎంత కోపంలో ఉన్నా నీ కన్ను మీద నాకు నమ్మకం. నువ్వు ఏదంటే అది.

జోరీ


రూసే,
డిసెంబర్ 15

బంగారు చెల్లికి,

కోపమేమీ లేదు. పని ముఖ్యం. రెండూ శ్రద్ధగా చూశాను.

రెండోది పెట్టు. కొనేవాడికి తాను ఎక్కడికి పోతున్నాడో ముందు తెలియాలి. నది కనపడాలి, పడవ కనపడాలి. నారింజ రంగు దూరం నుంచే కంటిని లాగుతుంది. పడవలో మనుషులున్నారంటే కథ ఉందని తెలుస్తుంది. మొదటిదాంట్లో ఇవేమీ లేవు. చెయ్యి ముఖం కన్నా పెద్దదైపోయింది. సగం ముఖం లేకపోతే దయ్యాల ఆట అనుకుంటారు. ఆ పిల్లకి ఇంకా సాధన కావాలి. అయినా నిరుత్సాహపరచకు, మెల్లగా చెప్పు.

నన్ను అడిగినందుకు సంతోషం. క్రిస్మస్‌కి రా. ఈసారి చేప నేను వండుతాను.

నీ అక్క,
రుమీ


ప్లోవ్‌దివ్,
ఫిబ్రవరి 27

అక్కా,

జాతర అయిపోయింది.

వెయ్యి మందికి మన బొమ్మ కనపడితే తొమ్మిది మంది లోపలికి వచ్చారు. వచ్చినవాళ్ళు చివరిదాకా ఆడారు, మంచి మాటలే రాశారు. కానీ వచ్చిందెవరు? మన వరసలోనే ఇంకో పదిహేను నారింజ రంగు సూర్యాస్తమయాలున్నాయి. ఒకాయన చేపలు పట్టే ఆట అనుకుని వచ్చి, అరగంట వెతికి, "చేపలేవీ?" అని తిట్టిపోశాడు. ఏడు రోజులూ ఆ అంకె కేసే చూస్తూ కూర్చున్నాను. కదలలేదు. ఉద్యోగం మానేసిన రోజున కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు.

డిసెంబరు నాటి నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "ఆ పిల్లకి ఇంకా సాధన కావాలి" అన్నావు. గీసింది ఆడో మగో, చిన్నో పెద్దో నేనెక్కడా రాయలేదు. పిల్ల అని నీకెలా తెలుసు?

తెలిసే ఉంటుంది కాబట్టి ఇక దాచను. బిల్యానా. మీ బళ్ళో నీ దగ్గరే బొమ్మలు నేర్చుకున్న బిల్యానా. అరచెయ్యి బొమ్మే పెట్టమని నాకు మూడుసార్లు చెప్పింది. నేను మా అక్క మాట విన్నాను.

ఒక్కటి చెప్పు. మొదటిది నిజంగానే బాగాలేదా?

జోర్నిత్సా


రూసే,
మార్చి 5

జోరీ,

ఇప్పటికి నాలుగు కాగితాలు చింపేశాను.

బాగుంది. రెండిట్లో అదే బాగుంది. ఆ సంగతి కవరు విప్పిన మరుక్షణం తెలిసింది. ఎవరు గీశారో ఇంకో క్షణానికి తెలిసింది. దోనా కింది రెప్ప మీద సన్నటి తెల్లగీత ఉంది చూడు, అది గీసింది కాదు, రంగు వెయ్యకుండా వదిలేసింది. "వెలుగుని గీయకు, వదిలెయ్" అని ఆ పిల్లకి చెప్పింది నేనే. అప్పుడు దానికి పదహారేళ్ళు.

ఆ బిళ్ళంత ముక్కని బల్ల మీద నిలబెట్టి గది ఈ మూలకి వచ్చి చూశాను. ఇంత దూరం నుంచీ దోనా నన్నే చూస్తోంది. అయిదేళ్ళు నేను గీసిన దోనా ఎప్పుడూ నదికేసే చూసింది. ఒక్కసారి ఇటు తిరిగి మనిషి కళ్ళలోకి చూడమని అడగాలని నాకు తట్టలేదు. నా దోనా జోరీ, నా చేతిలో పుట్టింది, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగింది. ఆ రోజు రొట్టె ముక్క కూడా నోట పెట్టలేకపోయాను.

అప్పుడు కూర్చుని నీకు ఆ ఉత్తరం రాశాను. అందులో చెప్పిన ప్రతి కారణమూ నేను పిల్లలకి చెప్పే పాఠంలోదే. అందుకే నువ్వు నమ్మావు. నీ జాతర నేను తగలబెట్టాను. ఆ మంటలో నా అయిదేళ్ళు కూడా ఉన్నాయని, అగ్గిపుల్ల గీసేటప్పుడు గుర్తుకైనా రాలేదు. కుళ్ళు అంటే ఇంత గుడ్డిదని నాకు తెలియదు.

మొదటిది పెట్టు. ఈ ఉత్తరం మడతపెట్టక ముందే పెట్టు.

రుమ్యానా


ప్లోవ్‌దివ్,
మార్చి 19

అక్కా,

పెట్టాను. పేరు అక్షరాలు లావు చేయించి, నలుపు తెలుపుల్లో కూడా తెలుస్తోందో లేదో చూసుకుని మరీ పెట్టాను. ఇప్పుడు వెయ్యి మందిలో ముప్ఫైనాలుగు మంది వస్తున్నారు. జాతర మళ్ళీ రాదు, కానీ జూన్‌లో ఆట విడుదల చేసేలోపు కొంత కూడదీసుకోవచ్చు.

నిన్ను తిడదామని నీ ఉత్తరం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. తిట్లన్నీ సిద్ధంగానే ఉన్నాయి. రాయబోతే చెయ్యి రాలేదు, ఎందుకో చెప్తాను విను.

ముఖచిత్రం ఎలా ఉండాలో చెప్పే కాగితం ఒకటి నా దగ్గర కిందటి మే నెల నుంచీ ఉంది. ఒక్క ముఖం చాలని, ఒక్క చూపులో తెలియాలని, వెనక ఏమీ కిక్కిరిసి ఉండకూడదని, కొలతలతో సహా అన్నీ అందులో ఉన్నాయి. నీకు పంపలేదు. నువ్వు వేసవంతా కూర్చుని పదకొండు మందిని గీస్తున్నావని తెలిసి కూడా పంపలేదు.

సోఫియాలో ఆటల ప్రదర్శనకి వెళ్ళినప్పుడు ఒకాయన నా బల్ల దగ్గర అరగంట నిలబడి నీ పొగమంచు గురించి మాట్లాడాడు. ఎంత మంచు, ఏం మంచు! చివరికి నాకేసి తిరిగి, "మరి మీరేం చేశారమ్మా ఇందులో?" అన్నాడు. ఆ మంచు కదిలేది నా లెక్కల మీద అక్కా! అది నీటి మీద ఎలా పాకాలో తేల్చడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ మాట చెప్పబోతే నవ్వి వెళ్ళిపోయాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ చుట్టాలతో ఏమనేదో గుర్తుందా? "పెద్దదానికి దేవుడు చెయ్యిచ్చాడు, చిన్నదానికి బ్యాంకులో ఉద్యోగమిచ్చాడు" అనేది.

ఈ ఆట మొహం మీద ఒక్కటైనా నీది కానిది ఉండాలనుకున్నాను. నువ్వు ఓడిపోతే చూడాలనుకున్నాను. మేనేజరు పేగుల చారు అన్నప్పుడు నేను నవ్వాను, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఇంతమంది చిత్రకారులుండగా వెతికి వెతికి నీ శిష్యురాలినే ఎందుకు పట్టుకున్నానో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఎవరెక్కువ పాపం చేశారో నువ్వే తేల్చు.

జోరీ


రూసే,
ఏప్రిల్ 24

జోరీ,

నెలరోజులు నీ ఉత్తరాన్ని బల్ల మీద బోర్లించి ఉంచాను. దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నాను. ఎవరెక్కువో తేల్చడానికి నేను జడ్జీని కాను. నా వేసవి నువ్వు తిన్నావు, నీ జాతర నేను తిన్నాను. కోపం పోలేదు, పోయినప్పుడు చెప్తాను.

ఈస్టర్ సోమవారం నాడు తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. బిల్యానా. చేతిలో పండగ తియ్యరొట్టె కొజునాక్, తల మీద మగపిల్లల టోపీ. పండక్కి వాళ్ళమ్మ దగ్గరికి వచ్చిందట. "టీచర్, రావచ్చా?" అంది. తలుపు పూర్తిగా తీశాను.

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఎర్రరంగు వేసిన పండగ గుడ్లు తీసి, ఎవరిది పగలకపోతే వాళ్ళదే అదృష్టమని ఒకదానికొకటి కొట్టుకున్నాం. నాది పగిలింది, దానిది పగల్లేదు. అదీ నా రాత.

కాసేపు వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాక సూటిగా అడిగేసింది. "టీచర్, ఆ రెండు చిత్తుల్లో మీకు నిజంగా ఏది బాగుందనిపించింది?"

"నేను కాదన్నదే."

నవ్వింది. "నాకు తెలుసు."

"జోరీ చెప్పిందా?"

"అయ్యో, ఆవిడెందుకు చెప్తుంది! తొమ్మిదో తరగతి నుంచే తెలుసు. గుర్రం బొమ్మ గుర్తుందా మీకు?"

ఇది నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు జోరీ. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా పోటీకి బొగ్గుతో బండిగుర్రాన్ని గీసుకొచ్చింది. అదే ఏడు నేనూ ఒక గుర్రాన్ని గీసి సోఫియా ప్రదర్శనకి పంపితే తిరిగొచ్చేసింది. దానిదీ నాదీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. దాని గుర్రం బండి లాగుతోంది. నాది నిలబడి ఫోటో తీయించుకుంటోంది. "ఇది ఇంకా తయారవలేదు" అని చెప్పి దానిదే పూలకుండీ బొమ్మ ఒకటి పోటీకి పంపాను. గుర్రాన్ని బీరువా వెనక్కి తోసేశాను. పూలకుండీకి ఏ బహుమతీ రాలేదు.

"నీ గుర్రం పనికిరాదన్నాను" అన్నాను, తల ఎత్తకుండా.

"అనడమేంటి టీచర్, మొహం ఇలా పెట్టారు." పెదాలు బిగించి, లేని కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, అచ్చం నాలాగే పెట్టింది. "వేరేవాళ్ళ బొమ్మలు బాగుండకపోతే మీరు జాలిగా చూసేవారు. నా గుర్రాన్ని జాలిగా చూళ్ళేదు. ఇంటికి పరిగెత్తి మా అమ్మతో చెప్పాను, అమ్మా, నా గుర్రం చాలా బాగా కుదిరిందే, టీచర్ మొహం మాడిపోయింది అని."

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు! వారం రోజులు ఏడ్చాను. ఆ తర్వాత ఆలోచించుకున్నాను. మీ మొహం కంటే మంచి గురువు నాకెక్కడ దొరుకుతుంది? అప్పట్నుంచీ మీ మొహం మాడేదాకా గీస్తూనే ఉండేదాన్ని. మీరు మెచ్చుకున్నారనుకోండి, ఇంటికెళ్ళి చింపేసేదాన్ని."

క్షమించమ్మా అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, "అవన్నీ వద్దు టీచర్. ఇది చూడండి, మొన్ననే మొదలుపెట్టాను" అని ఫోన్ నా ముందుకి తోసింది. ఇంకెవరిదో ఆటకి ముఖచిత్రం. గోళీ అంత ఉంది. మంచులో ఒక తలుపు, సందులోంచి ఒక కన్ను. అంతే. నేను దాన్ని చూస్తున్నాను, ఆ పిల్ల నన్ను చూస్తోంది.

"మాడింది!" అని ఒక్క గంతు వేసి చప్పట్లు కొట్టింది. పై ఇంటివాళ్ళు నేల మీద కర్రతో కొట్టారు.

వెళ్ళాక చాలాసేపు అద్దం ముందు నిలబడ్డాను. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, కుళ్ళూ అలాగే ఉంది. ఎక్కడికీ పోలేదు. ఆ కుళ్ళుకీ నాకూ ఇన్నేళ్ళ స్నేహం అన్నమాట.

నీ కాగితం సంగతి ఒకటి చెప్తాను. మే నెలలోనే నువ్వది పంపి ఉంటే ఒక్క ముఖం గీసేదాన్ని, శుభ్రంగా గీసేదాన్ని. కానీ అదీ నదికేసే చూస్తుండేది. ఆ చూపు నాకు వచ్చేది కాదు. ఇది నిన్ను క్షమించడం కాదు, ఉన్నమాట చెప్పడం.

రుమ్యానా


ప్లోవ్‌దివ్,
జూన్ 22

అక్కా,

ఆట విడుదలై పదిరోజులైంది. రెండో ఆట మొదలుపెట్టుకోవడానికి సరిపడా జనం కొన్నారు. నేను మళ్ళీ బ్యాంకుకి వెళ్ళక్కర్లేదు. ఇది చదివి ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

సోఫియా పత్రికల్లో ఒకటి మన ఆట గురించి పేజీ మొత్తం రాసింది. అందులో సగం ముఖచిత్రమే. ఆ అరచెయ్యి గురించి ఎంత పొగిడారంటే, చదువుతుంటే పళ్ళు పులిసిపోయాయి. "నన్ను పిలిచిన చెయ్యి" అట, "ఆ చూపు నుంచి తప్పించుకోలేకపోయాను" అట. నీ నదికి ఒక్క వాక్యం దక్కింది: "లోపలి దృశ్యాలు కూడా చూడముచ్చటగా ఉన్నాయి." ఆ "కూడా" చూసి నీకు ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. నా పద్నాలుగు నెలల మంచుకి అది కూడా లేదు. చివర్లో ప్రోగ్రామర్ అని నా పేరు వేశారు. జోర్నిత్సా కాదు, జోర్దాంకా అని వేశారు.

బిల్యానాని ప్రాగ్‌లో ప్రసంగానికి పిలిచారట. విమానం టికెట్టు వాళ్ళే ఇస్తారట. మనం అయిదేళ్ళు, అది మూడు వారాలు! ఫోన్ చేసి మర్యాదగా అభినందించాను. పెట్టేశాక వంటగదిలో నిలబడి ఒక మూకుడు నేలకేసి కొట్టాను.

శనివారం మొదటి రైలుకి వస్తున్నాను. పత్రిక తెస్తాను, చెర్రీలు తెస్తాను. ఇన్నాళ్ళూ ఒకళ్ళ మీద ఒకళ్ళం కుళ్ళుకుని చచ్చాం. ఈ ఒక్కపూట ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఆ పిల్ల మీద తనివితీరా కుళ్ళుకుందాం.

నీ చెల్లెలు,
జోర్దాంకా